చెయ్యిలు, నాలుగు కాళ్ళ బాతు

మా పాపకి మూడేళ్ళు నిండబోతున్న రోజుల్లో, ఒక సాయంత్రం పెరుగన్నం పూసుకున్న రెండు అరచేతులూ నా మొహం ముందు చాపి "నాన్నా, నా చెయ్యిలు చూడు" అంది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. నేను అనను, వాళ్ళమ్మ అనదు, పనికి వచ్చే ఆమె అనదు. పైగా అంతకు నెల ముందు వరకూ తనే శుభ్రంగా "చేతులు" అనేది. నోట్లో ఉన్న సరైన మాటని పక్కన పెట్టేసి, ఎవరి దగ్గరా వినని మాటని తనంతట తాను తయారుచేసుకుంది. అదే వారంలో "రాయిలు" వచ్చింది, "గోరులు" వచ్చింది. స్నానానికి పిలిస్తే "నేను వచ్చను" వచ్చింది.

ఆ వారం ఒక నోట్‌బుక్కు తీసుకుని తేదీలు వేసి రాయడం మొదలుపెట్టాను. కొన్ని నెలలకి ఆ నోట్‌బుక్కునే తిరగేసి, వెనక అట్ట వైపు నుంచి మా అమ్మమ్మ మాటలు రాయడం మొదలుపెట్టాల్సి వచ్చింది. పాప మాటలు వస్తున్నాయి, అమ్మమ్మ మాటలు పోతున్నాయి. నేను ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి. మనస్తత్వ శాస్త్రం చదవలేదు, డాక్టర్ని కాను. కానీ ఆ నోట్‌బుక్కు రెండు వైపుల నుంచీ నిండుతుంటే, మనసు గురించి న్యూరల్ నెట్‌వర్కులతో, అంటే మెదడు కణాల అల్లికని చూసి కట్టిన ప్రోగ్రాములతో, పనిచేసినవాళ్ళు రాసింది వెతికి వెతికి చదివాను. ఇప్పుడు రాస్తున్నది ఆ చదువులోంచి వచ్చిందే.

నెట్‌వర్కులతో మనసుని అర్థం చేసుకోవచ్చా అన్నదాని మీద ఈమధ్య తెగ వాదనలు నడుస్తున్నాయి. యంత్రం మనిషిలా మాట్లాడేస్తోంది కాబట్టి మనిషి లోపల ఉన్నదీ అలాంటిదే అని కొందరంటారు. అదంతా లెక్కల గారడీ, మనసుకీ దానికీ చుట్టరికం లేదని ఇంకొందరంటారు. ఇద్దరి చూపూ యంత్రం సరిగ్గా చేసే పనుల మీదే ఉంది. సరైన జవాబు ఎలాగైనా రావచ్చు. బట్టీ పట్టినా వస్తుంది, అర్థమైనా వస్తుంది, పక్కవాడి పలకలో చూసి రాసినా వస్తుంది. లోపల ఏ దారిలో వెళ్ళారో బయటపెట్టేది తప్పు జవాబు. ఒక మోడల్ మనసు గురించి మనకేమైనా చెప్పాలంటే అది మనుషులు చేసే తప్పులే చేయాలి, దెబ్బ తగిలితే మనిషి మనసు చెదిరినట్టే చెదరాలి. ఆ పరీక్షకి నిలబడితే దాన్ని నమ్ముతాను. ఎన్ని కోట్ల సరైన జవాబులు చెప్పినా, దానికి నిలబడకపోతే అది పనికొచ్చే యంత్రం అంటానే గానీ మనసుకి నమూనా అనను.

ఈ పట్టింపు కొత్తది కాదు. దీని మీద ఒక పెద్ద యుద్ధమే జరిగింది.

1986లో డేవిడ్ రుమెల్‌హార్ట్, జేమ్స్ మెక్‌క్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంగ్లీషు క్రియలకి భూతకాలం నేర్చుకునే చిన్న నెట్‌వర్కు కట్టారు. ఇంగ్లీషు పిల్లలు మొదట "వెంట్" అని సరిగ్గానే అంటారు. కొన్నాళ్ళకి "గోయెడ్" అంటారు. ఇంకొన్నాళ్ళకి మళ్ళీ "వెంట్"కి వస్తారు. మా పాప చేతులు, చెయ్యిలు, మళ్ళీ చేతులు అన్నట్టే. పిల్ల బుర్రలో "చివర ఎడ్ చేర్చు" అన్న నియమం పుట్టింది, ఆ ఉత్సాహంలో అన్నిటికీ అంటిస్తోంది అని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. వీళ్ళ నెట్‌వర్కులో నియమం ఎక్కడా రాయలేదు. కొన్ని యూనిట్లు, వాటి మధ్య తీగల్లాంటి కలయికలు, ఒక్కో కలయికకీ ఒక అంకె. ఆ అంకెని వెయిట్ అంటారు. జవాబు తప్పినప్పుడల్లా వెయిట్లు కాస్త కాస్త సర్దుకుంటాయి, అంతే. ముందు 10 క్రియలు నేర్పారు, అందులో 8 "వెంట్"లా దారి తప్పిన రూపాలవే. తర్వాత ఇంకో 410 ఒక్కసారిగా చేర్చారు, వాటిలో ఎక్కువ భాగం "ఎడ్" రూపాలు. అప్పటిదాకా సరిగ్గా చెప్పినవాటికి కూడా నెట్‌వర్కు "ఎడ్" తగిలించడం మొదలుపెట్టింది. మెల్లగా మళ్ళీ కోలుకుంది. నియమమనేది లేకుండానే నియమం ఉన్నట్టు ప్రవర్తించింది.

రెండేళ్ళకి, భాషని పరిశోధించే స్టీవెన్ పింకర్, అలన్ ప్రిన్స్ దాన్ని వరసపెట్టి ఎండగట్టారు. నెట్‌వర్కు తడబడింది మీరు 410 మాటలు ఒక్కసారి కుమ్మరించినందుకు, పిల్లల మాటలు అలా ఒక్కరోజులో పెరగవు అన్నారు. ఇంకో దెబ్బ అంతకంటే గట్టిది. "మెయిల్" అన్న క్రియకి భూతకాలం అడిగితే ఆ నెట్‌వర్కు "మెంబుల్డ్" అంది.

ఆ "మెంబుల్డ్" దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఇంగ్లీషు నేర్చుకునే ఏ పిల్లా అలా అనదు. పిల్ల తప్పు చేసేటప్పుడు కూడా అసలు మాటని చెక్కుచెదరనివ్వదు. మా పాప "చెయ్యి"ని అలాగే ఉంచి దానికి "లు" అతికించింది. "చెంబుళ్ళు" అనలేదు. అంటే దాని మనసులో "చెయ్యి" అన్నది ఒక విడి ముక్కగా, పట్టుకోవడానికి వీలుగా ఉంది. ఆనాటి నెట్‌వర్కుకి అలాంటి ముక్క లేదు, శబ్దాల కలగలుపు ఉంది. కాబట్టి ఆ ఒక్క మాటతో పింకర్ గెలిచాడనే నేనంటాను. దాన్నించి ఆయన లాగిన ముగింపు, అంటే నియమాలు లేని నెట్‌వర్కులతో భాష తేలదన్నది, మాత్రం నేను ఒప్పుకోను. ఒక నమూనా తప్పు చేసిందంటే ఆ నమూనా తప్పు, అంతవరకే.

1992లో గ్యారీ మార్కస్, పింకర్, వాళ్ళ సహచరులు పిల్లల మాటల రికార్డులు గుట్టలుగా వేసుకుని లెక్కపెడితే, దారి తప్పిన క్రియల్లో ఇలాంటి తప్పులు, పిల్లల్ని వరసలో పెడితే సరిగ్గా మధ్యలో నిలిచే పిల్లకి, 2.5 శాతమే తేలాయి. అది చదివాక నా నోట్‌బుక్కు మళ్ళీ చూసుకున్నాను. నిజమే. "చెయ్యిలు" విన్న రోజే రెండు సార్లు "చేతులు" కూడా అంది. వింతగా ఉన్నది కాబట్టి "చెయ్యిలు" రాసుకున్నాను, మామూలుగా ఉన్నది వదిలేశాను. తప్పుల్ని ప్రేమించేవాడు చేసే తప్పు అది. ఆ రోజు నుంచి సరైనవి కూడా గీతలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

2018లో క్రిస్టో కిరోవ్, రయన్ కాటెరెల్ కొత్త తరం నెట్‌వర్కులతో పాత పరీక్ష మళ్ళీ పెట్టారు. "మెంబుల్డ్" లాంటి వింతలు దాదాపు పోయాయని, పింకర్ అభ్యంతరాలు చాలావరకు తీరిపోయాయని రాశారు. మరుసటి ఏడే మారియా కార్కరీ, యెవ్‌గెన్ మతుసెవిచ్, షారన్ గోల్డ్‌వాటర్ అదే నెట్‌వర్కుని వేరువేరు యాదృచ్ఛిక అంకెలతో మొదలుపెట్టి చూశారు. లేని మాటలు కల్పించి అడిగితే ఒక్కోసారి ఒక్కోలా చెప్పింది, మనుషుల ఎంపికలతో అది అంత బాగా కలవలేదు కూడా. నాకు ఈ వాదులాట చాలా నచ్చింది. 30 ఏళ్ళ తర్వాత కూడా వాళ్ళు సరైన జవాబుల సంఖ్య గురించి కొట్టుకోవడం లేదు. ఏ తప్పు ఎవరిది, ఎంత శాతం, ఎందుకు అని కొట్టుకుంటున్నారు. శాస్త్రం నడవాల్సిన తీరు అదే.

ఇంత యుద్ధమూ ఇంగ్లీషు "ఎడ్" మీద జరగడం నాకు బాధగా ఉంటుంది. అక్కడ తగిలించడానికి ఒక్క తోకే ఉంది. మన "లు" చూడండి. గోడ గోడలవుతుంది, గది గదులవుతుంది, చెట్టు చెట్లవుతుంది, గుర్రం గుర్రాలవుతుంది, కాలు కాళ్ళవుతుంది, రాయి రాళ్ళవుతుంది, చెయ్యి చేతులవుతుంది. గది గదులైనట్టే నడిస్తే చెయ్యి "చెయ్యులు" కావాలి. మా పాప "చెయ్యులు" అనలేదు, "చెయ్యిలు" అంది. నోట్‌బుక్కులో వెనక్కి వెళ్ళి చూస్తే అదే నెలలో "పిల్లిలు" కూడా ఉంది. "పిల్లులు" ఆరు వారాల తర్వాత వచ్చింది. అంటే ముందు మాటని మాటగా ఉంచి తోక అతికించింది, చివరి అచ్చుని మార్చాలన్న సంగతి తర్వాత పట్టింది. ఒక తెలుగు పిల్ల ఆరు వారాల్లో చూపించిన ఈ రెండు మెట్లని ఏ నెట్‌వర్కైనా ఇదే వరసలో చూపిస్తుందా? నాకు తెలుసుకోవాలని ఉంది. ఇంగ్లీషు "ఎడ్" ఈ ప్రశ్న అడగనే అడగదు.

ఇక నోట్‌బుక్కు రెండో వైపు.

అమ్మమ్మది కోనసీమ. చేపల బుట్ట అరుగు ముందు దిగిందంటే ఒక్కోదాన్నీ పేరు పెట్టి పలకరించేది. చందువా, పండుగప్ప, కొర్రమీను, వంజరం, బొమ్మిడాయి. గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో పులస కోసం వాకిట్లో కూర్చుని ఎదురుచూసేది. మొప్ప ఎత్తి చూడకుండా ఏ చేపనీ ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఒకసారి సెలవులకి వెళ్ళినప్పుడు బుట్టలోకి వేలు పెట్టి "ఆ చేప ఎంతే?" అంది. "చందువాలండీ అమ్మగారూ" అంది బుట్టావిడ ఆశ్చర్యపోతూ. "అదే, ఆ చేప" అంది అమ్మమ్మ. మేమెవరం పట్టించుకోలేదు. ఏడాది తిరిగేసరికి అన్నీ "చేప" అయిపోయాయి. ఆ తర్వాత కోడికూర వేస్తే "చేప బాగుంది" అంది.

మతిమరుపు అనుకున్నాం. కానీ నిన్న ఎవరొచ్చారో చెప్పేది. ముగ్గు చుక్కలు తప్పేవి కావు. పాలవాడి లెక్క పైసలతో సహా ఉండేది. వాక్యాలు గడగడా వచ్చేవి. ఒక మధ్యాహ్నం మా అమ్మ "బొమ్మిడాయిల పులుసు పెట్టనా?" అని అడిగితే, అమ్మమ్మ ఆ మాటని నెమ్మదిగా నోట్లో తిప్పి, "బొమ్మిడాయి అంటే ఏంటే?" అంది. పేరు గుర్తు రాకపోవడం వేరు. పేరు చెవిన పడ్డాక కూడా దాని వెనక ఏమీ లేకపోవడం వేరు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

డాక్టర్ దాన్ని సెమాంటిక్ డిమెన్షియా అన్నారు. కణతల లోపలి వైపు, మెదడు టెంపొరల్ లోబుల ముందు భాగం కుంచించుకుపోతుందట. జరిగిన సంగతుల జ్ఞాపకం చాలాకాలం నిలుస్తుంది, వస్తువుల అర్థం పోతుంది. అది కూడా ఒక వరసలో పోతుంది. ముందు బొమ్మిడాయి, తర్వాత చేప, ఆ తర్వాత "అది". వివరం ముందు, వర్గం తర్వాత.

ఎందుకు ఆ వరస? దీనికి నాకు తృప్తినిచ్చిన జవాబు ఒక చిన్న నెట్‌వర్కులో దొరికింది. దాన్ని మొదలుపెట్టిందీ రుమెల్‌హార్టే. అందులో ఎనిమిదే వస్తువులు. ఓక్, పైన్ అనే రెండు చెట్లు, గులాబీ, డైసీ అనే రెండు పూలు, రాబిన్, కెనరీ అనే రెండు పిట్టలు, సన్‌ఫిష్, సాల్మన్ అనే రెండు చేపలు. "కెనరీ ఏం చేయగలదు?" అని ఇస్తే ఎగరడం, పాడటం, పెరగడం, కదలడం అని చెప్పడం నేర్చుకోవాలి. మొదట్లో దానికి ఎనిమిదీ ఒక్కటే. నేర్చుకునే కొద్దీ ముందు మొక్కలు ఒక గుంపు, ప్రాణులు ఒక గుంపు అవుతాయి. తర్వాత పిట్టలూ చేపలూ విడిపోతాయి. రాబిన్‌కీ కెనరీకీ తేడా తెలియడం చిట్టచివర. ఈ వరసని ఎవరూ దానికి చెప్పలేదు.

మన చేపలతో చెప్తాను. పులస గురించి నేర్చుకున్న ప్రతిసారీ, చందువా గురించి నేర్చుకున్న ప్రతిసారీ, "నీళ్ళలో ఉంటుంది, మొప్పలుంటాయి, పులుసు పెట్టుకోవచ్చు" అన్నవాటి వెయిట్లు ఒకే వైపు కదులుతాయి. రోజూ అందరూ నడిచే బాటలా అవి తొందరగా గట్టిపడతాయి. "ముళ్ళు ఎక్కువ" అన్నది అలా కాదు. పులస వచ్చినప్పుడు ఒక వైపు జరిగితే చందువా వచ్చినప్పుడు మళ్ళీ వెనక్కి జరుగుతుంది. ఈ రెంటినీ విడదీసే సన్నని తేడా నిలబడాలంటే ఎంతో కాలం పడుతుంది. నిలబడ్డాక కూడా అది సన్నగానే ఉంటుంది. అందుకే టిమ్ రోజర్స్, మెక్‌క్లెలాండ్ వాళ్ళు ఇలాంటి నెట్‌వర్కుల్లో కలయికల్ని తెంపుకుంటూ పోతే, చివర నేర్చుకున్న తేడా ముందు చెరిగింది, మొదట నేర్చుకున్న వర్గం చివరిదాకా నిలిచింది. నా నోట్‌బుక్కు ఒక వైపు నుంచి ఎందుకు నిండుతోందో, రెండో వైపు నుంచి ఎందుకు నిండుతోందో ఒకే కారణం చెప్పిన మాట అంతకు ముందు నేను వినలేదు.

కేంబ్రిడ్జిలో కారలిన్ ప్యాటర్సన్ బృందం ఇలాంటి రోగులతో ఒక పని చేయించింది. బాతు బొమ్మ చూపిస్తారు. ఎదురుగా ఉంచితే చూసి చక్కగా గీస్తారు. బొమ్మ తీసేసి కొన్ని క్షణాలాగి గీయమంటే, వాళ్ళలో ఒకరు బాతుకి నాలుగు కాళ్ళు పెట్టారు. ఒంటె గీస్తే మూపురం లేదు. ఆ బాతు బొమ్మని నేను స్క్రీన్ మీద పెద్దది చేసి చూశాను. తల పిట్టదే, ఒళ్ళు పిట్టదే, కింద వరసగా నాలుగు కాళ్ళు. చేయి వణకలేదు, గీత తడబడలేదు. ప్రాణులంటే చాలావాటికి నాలుగు కాళ్ళుంటాయన్న ఉమ్మడి జ్ఞానం, ఇదొక బాతు అన్న విడి జ్ఞానం ఖాళీ చేసిన చోటులోకి వచ్చి కూర్చుంది. 2004లో రోజర్స్, ప్యాటర్సన్, మెక్‌క్లెలాండ్ తదితరులు వాళ్ళ నెట్‌వర్కుని దెబ్బతీసి ఇదే పని చేయిస్తే, అది కూడా ఉమ్మడి లక్షణాల్ని లేనిచోట చేర్చింది, విడి లక్షణాల్ని వదిలేసింది. నేను నమ్మకం పెట్టుకునేది ఇక్కడే. అన్ని ప్రశ్నలకీ సరిగ్గా చెప్పే నెట్‌వర్కు కంటే, నాలుగు కాళ్ళ బాతుని గీసే నెట్‌వర్కు నాకు మా అమ్మమ్మ గురించి ఎక్కువ చెప్పింది.

ఆ పరీక్ష అమ్మమ్మతో నేను చేయలేదు. చేయాలనిపించలేదు.

అయితే ఇంట్లో ఒకటి మారింది. అప్పటిదాకా అమ్మ "ఇప్పుడే చెప్పాను కదమ్మా, అది చందువా" అని రోజూ సరిదిద్దేది. అమ్మమ్మ చిన్నబుచ్చుకునేది. ఎక్కాల్లా వల్లెవేయిస్తే మళ్ళీ వస్తాయని అమ్మ ఆశ. ఈ బొమ్మలన్నీ అమ్మకి చూపించి, నెట్‌వర్కు సంగతి కాగితం మీద గీసి చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నేను చందువా అంటుంటే అమ్మకి చేపల్లో చేప అన్నట్టే వినిపిస్తోందన్నమాట" అంది. ఆ పూట నుంచి మా ఇంట్లో అందరం "చేప" అనే అంటున్నాం.

రుమెల్‌హార్ట్ గురించి ఇంకొకటి చెప్పాలి. ఆయన 1998లో స్టాన్‌ఫోర్డ్ ఉద్యోగం నుంచి తప్పుకున్నాడు. కారణం పిక్స్ వ్యాధి. మా అమ్మమ్మకి డాక్టర్ చెప్పిన జబ్బూ అదీ ఒకే కుటుంబానికి చెందినవి. అర్థం ఎలా పేరుకుంటుందో ఎనిమిది మాటలతో లోకానికి చూపించిన మనిషి 2011లో ఆ వ్యాధితోనే చనిపోయాడు. ఈ సంగతి తెలిసిన రోజు నేను ఆఫీసు పని చేయలేకపోయాను.

నెట్‌వర్కు మనిషి చేయని తప్పు చేసినా ఉపయోగమే, దాన్ని దాచిపెట్టకుండా నిలదీస్తే. 1989లో మైఖేల్ మెక్‌క్లాస్కీ, నీల్ కోహెన్ ఒక నెట్‌వర్కుకి ఒకటో ఎక్కంలాంటి కూడికలు నేర్పారు. బాగా వచ్చాయి. తర్వాత రెండుతో కూడికలు నేర్పారు. అవి వచ్చేలోపు ఒకటితో కూడికలు తుడిచిపెట్టుకుపోయాయి. పిల్లలు కాస్త తికమకపడతారు గానీ ఇలా పూర్తిగా మర్చిపోరు. నెట్‌వర్కులంటే పడనివాళ్ళకి అది పండగ. మెక్‌క్లెలాండ్, బ్రూస్ మెక్‌నాటన్, రాండల్ ఓరైలీ మాత్రం ప్రశ్నని తిప్పి వేశారు. నెట్‌వర్కు ఇలా మర్చిపోతుంటే, మరి మనం ఎందుకు మర్చిపోవడం లేదు? 1995లో వాళ్ళిచ్చిన జవాబు ఇది. మెదడులో రెండు రకాల నేర్పు ఉంది. మెదడు లోపల ఉండే హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం జరిగినదాన్ని ఒక్కసారికే పట్టుకుంటుంది. కార్టెక్సు, అంటే మెదడు పైపొర, మెల్లగా, కొత్తదాన్ని పాతదాంతో కలిపి కలిపి నేర్చుకుంటుంది. మొదటిది రెండోదానికి మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది, నిద్రలో కూడా. అంతకు ముందు ఏడే మెక్‌నాటన్, మాథ్యూ విల్సన్ ఎలుకల మెదడులో, పగలు తిరిగినప్పుడు కలిసి పలికిన కణాలు నిద్రలో మళ్ళీ కలిసి పలకడం చూశారు.

ఇది చదువుతుంటే 1953లో ఆపరేషన్‌లో రెండు వైపులా హిప్పోక్యాంపస్ చాలావరకు పోగొట్టుకున్న హెన్రీ మొలైసన్ గుర్తొచ్చాడు. మాటల అర్థాలన్నీ ఉన్నాయి, చిన్ననాటి సంగతులున్నాయి, పొద్దున పలకరించిన డాక్టరు మాత్రం సాయంత్రానికి కొత్తవాడు. మా అమ్మమ్మ దానికి తలకిందులు. పొద్దున వచ్చినవాళ్ళు గుర్తున్నారు, బొమ్మిడాయి పోయింది. ఒకరికి గబగబా పట్టుకునేది పోయింది, ఇంకొకరికి మెల్లగా పేరుకున్నది పోయింది. ఈ బొమ్మ మనకి ఒక మోడల్ ఓడిపోవడం వల్ల ఇంత స్పష్టంగా దొరికింది.

అభ్యంతరాలు లేవని కాదు. 1989లోనే, డీఎన్ఏ ఆకారం కనిపెట్టినవాళ్ళలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్ గట్టిగా అడిగాడు. ఈ నెట్‌వర్కులు నేర్చుకునే బ్యాక్‌ప్రాపగేషన్ అనే పద్ధతిలో తప్పు వెనక్కి ప్రయాణించి ఒక్కో వెయిట్‌నీ సరిదిద్దుతుంది, నిజమైన మెదడు కణాల్లో అలాంటి వెనుదారి ఎక్కడుంది అని. ఆ ప్రశ్నకి ఇప్పటికీ అందరూ ఒప్పుకునే జవాబు లేదు. నా సమాధానం ఇంతవరకే. పులస, చందువాల కథలో పని చేసింది ఉమ్మడి వెయిట్ల మీద మెల్లగా పేరుకునే నేర్పు. ఆ సర్దుబాటు ఏ కణం చేస్తుందన్నది వేరే లెక్క. కాబట్టి ఈ నెట్‌వర్కు మెదడుకి ఫొటో అని ఎవరైనా అంటే నేను వాళ్ళ వైపు ఉండను.

ఇంకో అభ్యంతరం, తెలియని మెదడుని అర్థం చేసుకోవడానికి తెలియని నెట్‌వర్కుని తెచ్చుకుంటే ఒక చీకటి బదులు రెండు చీకట్లు కదా అని. నెట్‌వర్కుని కోయొచ్చు. కలయికల్ని పదో వంతు తెంపి చూడొచ్చు, మళ్ళీ అతికించొచ్చు, ఇరవయ్యో వంతు తెంపి చూడొచ్చు, వెయ్యి సార్లు చేయొచ్చు. అమ్మమ్మతో ఒక్కసారి కూడా చేయలేం. నాకు ఈ ఒక్క కారణం చాలు.

నా అసలు భయం వేరే చోట ఉంది. కళ్ళ సంగతి చూడండి. 2014లో డేనియల్ యామిన్స్, జేమ్స్ డికార్లో బృందం, వస్తువుల్ని బాగా గుర్తుపట్టే నెట్‌వర్కే కోతి మెదడులోని చూపు కణాల స్పందనని కూడా బాగా ఊహించగలదని చూపించింది. గొప్ప ఫలితం. 2019లో రాబర్ట్ గైరోస్, సహచరులు అలాంటి నెట్‌వర్కులకి పిల్లి ఆకారంలో ఏనుగు చర్మం నింపిన ఫొటో చూపించారు. మనుషులు పిల్లి అన్నారు. నెట్‌వర్కు ఏనుగు అంది. మామూలు ఫొటోల మీద ఇద్దరికీ మార్కులు పక్కపక్కనే ఉంటాయి. తప్పు చేయించి చూస్తేగానీ ఒకరు ఆకారం చూస్తున్నారని, ఇంకొకరు తోలు చూస్తున్నారని తెలియలేదు. చాట్‌జీపీటీ లాంటి ఇవాళ్టి పెద్ద భాషా నమూనాల మీద పత్రికల్లో రాసేవాళ్ళు మార్కుల పట్టిక దగ్గరే ఆగిపోతుంటే నాకు ఆ పిల్లే కనిపిస్తుంది. మనిషి వంద జన్మల్లో వినలేనన్ని మాటలు మింగి సరిగ్గా మాట్లాడితే, రెండేళ్ళ పిల్ల ఎలా నేర్చుకుంటుందో దాన్నుంచి ఎలా తెలుస్తుంది?

అందుకే 2024లో వచ్చిన ఒక చిన్న పని నాకు వాటన్నిటికంటే విలువగా అనిపించింది. ఆస్ట్రేలియాలో ఒక పిల్లవాడి తలకి తేలికపాటి కెమెరా కట్టి, ఆరో నెల నుంచి ఇరవై అయిదో నెల వరకు అప్పుడప్పుడు రికార్డు చేశారు. అందులో 61 గంటల వీడియో, దాంట్లో వినిపించిన మాటలు, అంతే తీసుకుని న్యూయార్క్ యూనివర్సిటీలో వాయ్ కీన్ వాంగ్, బ్రెండెన్ లేక్ వాళ్ళు ఒక నెట్‌వర్కుకి నేర్పారు. పిల్లవాడు మెలకువగా ఉన్న సమయంలో అది నూరో వంతు. నాలుగు బొమ్మల్లోంచి మాటకి సరిపడే బొమ్మని ఎంచమంటే, 22 మాటల మీద దాదాపు 62 శాతం సరిగ్గా ఎంచింది. ఇది తక్కువ మార్కే. కానీ ఒక పిల్లవాడి ఒళ్ళో కూర్చుని వచ్చిన మార్కు.

తెలుగు పిల్లలవి అలాంటి 61 గంటలు కావాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది, ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది, నెట్‌వర్కులు రాయగల తెలుగువాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. ఇక్కడ పుట్టే ప్రశ్నలు ఇంకెక్కడా పుట్టవు. 2013లో సువర్ణ అల్లాడి, సహచరులు హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలిస్తే, ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువురానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి బతికే ఊళ్ళో దొరికిన సంగతి అది. అది ఎందుకలా జరుగుతుంది? ఒకే చేపకి రెండు పేర్లు తెలిసిన నెట్‌వర్కు దెబ్బకి మెల్లగా చెదురుతుందా? ఒక లాప్‌టాప్ మీద మొదలుపెట్టగల ప్రశ్న ఇది. నేను మొదలుపెట్టాను. ఇప్పటికి నా నెట్‌వర్కుకి పన్నెండు చేపలు, రెండు భాషలు. తెంపితే ఏమవుతుందో చెప్పే స్థితికి ఇంకా రాలేదు.

చంటిపిల్లలున్నవాళ్ళు వాళ్ళ "చెయ్యిలు"ని సరిదిద్దే ముందు తేదీ వేసి రాసిపెట్టండి. ఆ రోజు సరిగ్గా అన్నవి కూడా రాయండి. నేను మొదటి నెలలో పోగొట్టుకున్నవి ఇక దొరకవు.

అమ్మమ్మ ఒంటరిగా ఉండలేని స్థితి వచ్చాక హైదరాబాద్ తీసుకొచ్చేశాం. పాపకి ఇప్పుడు నాలుగున్నర. మొన్న ఆదివారం భోజనాల దగ్గర అది పీట మీద కూర్చోగానే అమ్మమ్మ "చెయ్యిలు కడుక్కున్నావా?" అంది. నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ జబ్బులో దారి తప్పిన రూపాలు పోయి, మామూలు రూపాలు వచ్చి చేరతాయని చదివాను. చదవడం వేరు. పాప మాత్రం తడుముకోకుండా "చేతులు, తాతమ్మా" అంది. అమ్మమ్మ తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుని, "అదే" అంది. పాప లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. నేను నోట్‌బుక్కు తీసి తేదీ వేశాను. ఏ వైపు రాయాలో కాసేపు తేలలేదు.